మోటారు టెస్టరూ, పద్మమ్మ మేకా

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రోడ్డు మీద వరసగా నిలబెడితే ఇక్కడ ఒమాన్‌లో మబేలా నుంచి సువైక్ దాకా ట్రాఫిక్ ఆగిపోతుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ వరసకు జెండా పట్టుకుని ముందు నడిచేది. ఒక ఆడమనిషి నమ్మకం, ఒక మేక భవిష్యత్తు, ఇద్దరు బావాబావమరుదుల సఖ్యత, మూడూ ఒక్క సాయంత్రంలో మట్టిపాలు కాబోయాయి. చేసిందంతా నేనొక్కణ్ణే. ఎవరి సాయమూ తీసుకోలేదు.

ముందుగా నా గొప్పతనం కాస్త చెప్పుకోనివ్వండి, తర్వాత ఎలాగూ మిగలదు. నా పేరు లచ్చన్న. జగిత్యాల వైపు నుంచి వచ్చి మబేలాలో మోటారు వైండింగ్ షాపులో స్థిరపడ్డాను. ఖర్జూర తోటలకు నీళ్లు తోడే పంపు ఎక్కడ కాలినా అది నా బల్ల మీదికి రావలసిందే. చెవి ఆనించి వింటే చాలు, మోటారుకు ఏం జబ్బో చెప్పేస్తాను. ఒకసారైతే ఫోన్లో వినే చెప్పాను. (పొగలు వస్తున్నాయని ఫోన్ చేసినవాడే చెప్పాడనుకోండి. అది వేరే సంగతి.)

మా షాపు యజమాని ఒమానీ. మేము అర్బాబ్ అంటాం. వారమంతా పెద్దమనిషే, శుక్రవారం వస్తే మాత్రం బడి వదిలిన పిల్లాడు. రిమోట్‌తో నడిచే రేసు కార్లంటే ఆయనకు పిచ్చి. మూరెడు పొడవు కారు, అందులో పెద్ద నిమ్మకాయంత మోటారు. అది పరిగెడితే కుక్క తరుముతున్న పిల్లి కూడా పక్కకు తప్పుకుని దారిస్తుంది. ఆ పందేల్లో ఒక నియమం ఉంది. అందరూ ఒకే రకం మోటారు వాడాలి. అయితే ఒక్క అచ్చులో తయారైనా ఒకటి చురుగ్గా ఉంటుంది, ఒకటి మందకొడిగా ఉంటుంది, ఒక్క తల్లి పిల్లల్లాగే. అందుకని రేసుకు ముందు వాటిని తిప్పి చూసి మంచిది ఏరుకోవాలి. అలా తిప్పి చూసే చిన్న పెట్టెనే టెస్టర్ అంటారు. అర్బాబ్ దగ్గర రెండు మోటార్లు ఉన్నాయి. ఒకటి ఎండాకాలమంతా పరిగెత్తిన పాతది. ఇంకొకటి కొత్తది. టెస్టర్ మాత్రం లేదు.

అప్పుడు నేనింకా కుర్రాణ్ణి. అరవై నిండలేదు.

అర్బాబ్ బావమరిది నాసర్ సువైక్‌లో ఖర్జూర తోటలున్న ఆసామి. ఆయనకూ ఇదే పిచ్చి. ఒక రోజు మా అర్బాబ్ ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, ఇద్దరూ ఖర్జూరాలు తింటూ మాటా మాటా పెంచుకుని, శుక్రవారానికి ఇద్దరి కార్లకూ పోటీ పెట్టుకున్నారు. పందెం కాయడం వాళ్ల మతంలో తప్పు కదా, అందుకని ‘బహుమతి’ అన్నారు. నాసర్ ఓడితే కొండతేనె డబ్బా ఇవ్వాలి. మా అర్బాబ్ ఓడితే పెరట్లో తెల్లమేకను ఇవ్వాలి.

అక్కడే కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోస్తున్న పద్మమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమెది కడప జిల్లా. అర్బాబ్ ఇంట్లో వంటా, పెరడూ ఆమె చేతిమీదే నడుస్తాయి. ఆ మేక పుట్టగానే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది ఆమే. బుజ్జి అని పేరు పెట్టి తెలుగులోనే మాట్లాడుతుంది. అరబ్బీలో పిలిస్తే ఆ మేక తల కూడా తిప్పదు.

పంపు బాగుచేయడానికి వెళ్లిన నన్ను గేటు దగ్గర పట్టుకుంది.

"లచ్చన్నా, ఆ బొమ్మకార్ల మోటారు నువ్వే చూస్తావంట గదా. నిజమేనా?"

"నేను జూడక ఇంకెవరు జూస్తరు?"

"అయితే ఇను. అది ఓడిపోతే నా బుజ్జిని సువైక్ తోల్కపోతారంట. ఆడ దానికి తెలుగొచ్చినోళ్లు ఎవురుండారు? ఆకలైతే ఎవుర్నడుగుతుంది?"

"గంత రంది ఎందుకు పద్మమ్మా. మేకకు నేను గ్యారంటీ."

"నీ గ్యారంటీ నాకెరికే. మా ఫ్రిజ్జుకూ ఇట్లనే ఇచ్చినావు."

"ఆ ఫ్రిజ్జు వేరు. నా చెయ్యి పెట్టినంక పది దినాలు నడిచింది గదా."

"పదకొండో దినం కాలింది."

ఆడవాళ్ల జ్ఞాపకశక్తి గురించి నేనేమీ అనను.

మరుసటి రోజు అర్బాబ్ నన్ను పిలిచి, "లచ్చన్, మోటార్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు? రూవీ బజారుకు వెళ్లి టెస్టర్ నువ్వే చూసి తీసుకురా. మరీ ఖరీదైంది వద్దు" అన్నాడు. (మా మాటలన్నీ హిందీ, అరబ్బీ కలగలిపి నడుస్తాయి. మీకోసం తెలుగులో రాస్తున్నాను.) ఆ మాటతో నేను అర అడుగు ఎత్తు పెరిగాను. బస్సులో కూడా కిటికీ దగ్గర సీటు నాకే ఇవ్వాలన్నట్టు చూశాను.

రూవీ షాపులో ఒక మలయాళీ కుర్రాడు మూడు పెట్టెలు నా ముందు పెట్టాడు. మొదటిది మోటారు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపిస్తుంది, అంతే. రెండోది తిరుగుళ్లతో పాటు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, అంటే ఎంత కరెంటు తాగుతుందో కూడా చూపిస్తుంది. మూడోది ఇంకా ఏవేవో చూపిస్తుంది. దాని ధర చూశాక అది ఏం చూపిస్తుందో నేను వినలేదు.

"చాచా, మధ్యది తీసుకో. ఆంపియర్లు తెలియకపోతే మోటారు సంగతి సగమే తెలుస్తుంది" అన్నాడతను.

"తమ్ముడూ, ఇది రేసు కారు. ఎంత తింటుందన్నది ఎందుకు, ఎంత ఉరుకుతుందన్నది చూడాలె గాని."

"ఎంత తింటుందో చూస్తేనే కదా..."

"నీకు మీసం రాకముందు నుంచి నేను మోటార్లు చుడుతున్నా."

మొదటిదాన్ని సంచిలో పెట్టి ఇచ్చాడు. అతని ముఖంలో కనిపించింది గౌరవమే అనుకున్నాను. జాలి కూడా దాదాపు అలాగే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మా షాపుకు ఏ పంపు వచ్చినా నేను మొట్టమొదట చేసే పని తీగకు మీటరు తగిలించి ఆంపియర్లు చూడడమే. అది చూడందే స్క్రూ కూడా విప్పను. కొత్తగా పనిలో చేరినవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు కూడా అక్కడే మొదలుపెడతాను. మరి ఆ చిన్న మోటారు దగ్గర ఆ బుద్ధి ఎటు పోయిందని అడక్కండి. బొమ్మ కదా అని చిన్నచూపు చూశాను. డాక్టరు తన పిల్లాడికి జ్వరం వస్తే చెయ్యి పెట్టి చూసి సరిపెట్టుకున్నట్టు.

షాపుకొచ్చి రెండు మోటార్లనూ ఒకదాని తర్వాత ఒకటి టెస్టర్‌కు తగిలించాను. కొత్తది బుద్ధిగా తిరిగింది. పాతది మాత్రం గొంతెత్తి పాట అందుకున్నట్టు మోగింది. అంకె చూస్తే కొత్తదానికంటే బాగా ఎక్కువ. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే గెలిచింది.

అర్బాబ్ తల గోక్కున్నాడు. "పాతదానికి ఎక్కువ రావడం ఏమిటి లచ్చన్?"

ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు వెతికినవాడు బాగుపడతాడు. నేను వెతకలేదు, అక్కడికక్కడే తయారు చేశాను.

"అనుభవం, అర్బాబ్. ఎండలో పరిగెత్తి పరిగెత్తి కీళ్లు వదులయ్యాయి. ఇది నాలాంటి మోటారు. కొత్తదింకా పసిది."

తన వయసువాళ్లను మెచ్చుకునే అవకాశం వస్తే ముసలివాడు శాస్త్రం చూసుకోడు.

రేసు ముందు రోజు నాసర్ సువైక్ నుంచి దిగాడు. ముఖం వాడిపోయి ఉంది. సాధన చేస్తుంటే ఆయన మోటారు కాలిపోయిందట. ఊరంతా వెతికినా ఇంకొకటి దొరకలేదట. ఇంటికొచ్చిన బావమరిది నోరు తెరిచి అడిగితే లేదనడం ఆ ఇంట్లో జరిగే పని కాదు. అర్బాబ్ నా వైపు తిరిగి, "ఉస్తాద్, మన దగ్గర ఉన్నదాంట్లో ఒకటి ఇవ్వు" అన్నాడు.

ఒకటి. ఏదో చెప్పలేదు. ఆయన మర్యాద ఆయనది, నా తెలివి నాది. నేను లోపలికెళ్లి ఆ కొత్తదాన్ని బట్టతో మెరిసేలా తుడిచి, రెండు చేతులతో నాసర్‌కు అందించాను. ఆయన నన్ను దీవించాడు. ఆ దీవెన తలవంచి స్వీకరిస్తూ లోపల్లోపల నవ్వుకున్నాను. సాయంత్రం పద్మమ్మకు కబురు కూడా చేశాను, బుజ్జి మెడలో కొత్త గంట కట్టుకోమని.

శుక్రవారం సాయంత్రం షాపు వెనక సిమెంటు మైదానంలో పాత టైర్లు పేర్చి ట్రాక్ చేశారు. పద్మమ్మ ఇంట్లోవాళ్ల కోసం టీ ఫ్లాస్కు తెచ్చి, నా పక్కనే నిలబడింది.

మొదటి చుట్టులో తిన్నటి దారిలో మా కారు దూసుకుపోయింది. "చూసినవా?" అన్నాను పద్మమ్మతో. ఆ మాట నోట్లో ఉండగానే మలుపు వచ్చింది. మలుపు తిరిగి మళ్లీ వేగం అందుకోవాలి కదా, అక్కడ మాది అన్నం తిన్నాక లేవలేని మనిషిలా మూలిగింది. నాసర్ కారు చల్లగా దాటిపోయింది. ప్రతి మలుపుకూ అదే వరస. సగం రేసు అయ్యేసరికి మా కారు వెనక నుంచి మాడిన వాసన మొదలైంది.

"లచ్చన్నా, ఏందో వాసనొస్తాండాది."

"ఎవరో కబాబులు కాలుస్తున్నరు."

"కబాబులు మన కారులోంచి యాల వస్తాయి?"

జవాబు చెప్పే అవసరం రాలేదు. కారు ఆగిపోయింది. వేలు పెట్టి చూసిన అర్బాబ్ చెయ్యి విదిలించుకున్నాడు. పద్మమ్మ ఫ్లాస్కు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడితే బాగుండేది.

షాపులోకి వెళ్లాక అర్బాబ్ తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడితేనే భయం.

"లచ్చన్, నాసర్‌కు ఆ మోటారు ఎంచి ఇచ్చింది నువ్వే కదా."

"నేనే అర్బాబ్."

"నాకు ఇది బిగించిందీ నువ్వే."

"నేనే."

"మంచిది ఆయనకు, చెడ్డది నాకు. నాసర్ నీకేమిస్తానన్నాడు?"

అప్పుడు తెలిసింది నేను ఎక్కడ ఇరుక్కున్నానో. నా ముందు రెండే దారులు. ఒకటి, నమ్మకద్రోహి అనిపించుకోవడం. రెండు, మోటార్లు తెలియని మోటారు మేస్త్రీ అనిపించుకోవడం. మీరు నమ్మరు, మొదటిదే కాస్త గౌరవంగా ఉందని ఒక క్షణం అనిపించింది. గాలి మీదికి నెడదామని చూశాను, ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఇక లాభం లేక నాసర్‌ను లోపలికి పిలిచి ఆయన కారులోదీ విప్పి, మాది చల్లారాక రెండు మోటార్లనూ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటే తిప్పుతూ మా షాపు మీటరు తగిలించాను. కొత్తది పద్ధతిగా తాగింది. పాతది ఖాళీగా తిరుగుతూనే దానికి రెండింతలకు పైగా తాగింది.

నాసర్ ముందుకు వంగి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఎండకు లోపలి అయస్కాంతం చచ్చిపోయింది ఉస్తాద్. దాని బలం తగ్గితే ఖాళీగా ఇంకా జోరుగా తిరుగుతుంది. బరువు మీద పడితే కూలబడుతుంది."

నేను జీవితమంతా చుట్టిన పంపు మోటార్లలో అయస్కాంతమే ఉండదు. ఆ మాట పైకి అన్నాను కూడా. అర్బాబ్ నా ముఖంలోకి చూసి, "నిజమే. ఇతనికి ద్రోహం చేసేంత తెలివి లేదు" అన్నాడు. నా నిజాయితీకి ఇంతకంటే గట్టి సర్టిఫికెట్ ఇంకెవరూ ఇవ్వలేదు.

పద్మమ్మ గుమ్మంలోంచి అడిగింది. "మరి నా బుజ్జి?"

ఆమె అన్నదేమిటో అర్బాబ్ చెప్పాక నాసర్ కళ్లు తుడుచుకుంటూ, "మేక వద్దు. నాకు ఈ ముసలాయన్ని ఇవ్వు, శుక్రవారం శుక్రవారం. ఇతను బాగుందన్న మోటారు పారేస్తాను, పనికిరాదన్నది కారుకు బిగిస్తాను. ఇంత చవకైన టెస్టర్ రూవీ అంతా వెతికినా దొరకదు" అన్నాడు.

అర్బాబ్ ఒక్క నిమిషం గడువైనా అడుగుతాడని చూశాను. ఎన్నేళ్ల కొలువు. ఆయన "ఖలాస్, తీసుకెళ్లు" అని మేక తాడు సర్దడానికి ఇంటికి పోయాడు. పద్మమ్మ అయితే నాకు దారి బత్తెం కూడా కట్టింది.

"పోయిరా అన్నా. ఆడ నీతో ఎవురో ఒకరు హిందీలోనన్నా మాట్లాడతార్లే."

అలా నేను ప్రతి శుక్రవారం సువైక్ వెళుతున్నాను. కాల్చిన చేప, అన్నం, నాసర్ అమ్మగారు స్వయంగా చేసే హల్వా. ఈమధ్య సొంతానికి ఆంపియర్లు చూపే టెస్టర్ కూడా ఒకటి కొనుక్కుని, ముందుగానే చాటుగా అన్నీ చూసుకుని, ఏది నిజంగా మంచిదో దాని ముందు పెదవి విరుస్తున్నాను. నాసర్ వరసగా గెలుస్తున్నాడు. కాబట్టి నా మీటరు మీద చెయ్యి వేసి మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. సువైక్‌లో ఆ వంటిల్లు ఉన్నంతకాలం, ఏ మంచి మోటారునూ బాగుందని నా నోటితో అనను గాక అనను.