ఏ పాటంటే ఇట్టం

మా అక్క మొగుడు సన్నాయి ఊదేవాడు. పక్కన పద్నాలుగేళ్లు డోలు వాయించింది నేను. కిడ్నీ జబ్బుతో తరచూ ఎవరో ఒకరు పోయే ఉద్దానంలో మా మేళానికి చావుల పనే ఎక్కువ. ఆ ఇంటికెళ్లగానే బావ ఒకరిని పక్కకు పిలిచి, "పోయినోలికి ఏ పాటంటే ఇట్టం?" అని అడిగేవాడు. శ్మశానం దాకా అదే ఊదేవాడు.

పూండిలో ఒక పెళ్లి. పీటల మీద కూర్చున్న పెళ్లికూతురు ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడ్చింది. బావ ఊదుతున్నది, కిందటేడు వాళ్ల నాన్న పాడె ముందు మేము వాయించిన పాట. బావ సన్నాయి దించేశాడు.

"ఏటి సేసీసినాన్రా," అన్నాడు. "నా నోటికింక పెళ్లి పాటలు రావు."

ఆ నెలలోనే మస్కట్ వెళ్లి గోడౌన్‌కి కాపలా ఉన్నాడు. అక్కడే నవలలు రాయడం మొదలుపెట్టాడు. ఎందుకని ఫోన్లో అడిగాను.

"ఊదితే ఎవులో ఒకలు ఏడుత్తారు. రాత్తే ఇనబడదు గదా."

మొదటి నవల నిండా మా ఊళ్లలో పోయినవాళ్లూ, వాళ్ల పాటలే. మా అమ్మ పాట ఉన్న పేజీ దాటి నేను చదవలేకపోయాను.

మొన్న వేసవిలో బావ శవమై పలాసకి తిరిగొచ్చాడు. అదే జబ్బు. టెక్కలి నుంచి మేళాన్ని పిలిపించాం. సన్నాయి అతను ఒకప్పుడు బావ శిష్యుడే. నన్ను పక్కకు పిలిచి, బావ దగ్గర నేర్చుకున్న మాటే అడిగాడు.

"పోయినోలికి ఏ పాటంటే ఇట్టం?"

నేను అక్కకేసి చూశాను. అక్క నాకేసి చూసింది. పద్నాలుగేళ్లు పక్కనే కూర్చుని, ఆ మాట బావని నేను ఒక్కసారీ అడగలేదు.