ఎక్కువ కాగిన కడ్డీలు

ఒక మనిషి కుడి చెయ్యి నావల్ల పోయింది. ఆ బరువు ఇన్నేళ్లూ మోశాను. మోశానని చెప్పుకోవడానికీ సిగ్గేస్తోంది. చెయ్యి పోయినవాడికంటే నేను మోసిందేమిటి?

ఎనభైల మొదట్లో అనంతపురం బయట ఒక చిన్న వర్క్‌షాపు. కరువు పల్లెలకు నీళ్లు తోడే గాలిమరలు చేసేవాళ్లం. రెక్కలను పట్టి ఉంచే అల్యూమినియం కడ్డీలను గట్టిపరచడం నా పని. ఆ అల్యూమినియంలో కొంచెం రాగి ఉంటుంది. బాగా కాలిస్తే ఆ రాగి అల్యూమినియంలో కరిగి కలిసిపోతుంది. వెంటనే నీళ్లలో ముంచాలి. అప్పటికింకా మెత్తనే. మళ్లీ సన్నటి సెగకు ఉంచితే, రాగి కంటికి కనపడని రవ్వలుగా లోపలంతా విడివడుతుంది. ఆ రవ్వలు అడ్డుపడి లోహాన్ని జరగనివ్వవు. బలమంతా అదే. సెగ మించిందా, రవ్వలు లావై ఎడమెడమవుతాయి, బలం పోతుంది. పైకి మాత్రం ఏ తేడా కనపడదు.

ఇంత తెలిసీ, ఆ రోజు కడ్డీలు సన్నటి సెగకు ఫర్నేసులో పెట్టి సినిమాకు పోయాను. తిరిగొచ్చేసరికి వేడి చూపే ముల్లు హద్దు దాటి ఉంది. ఏం చెయ్యాలో నాకు తెలియదా? మొదటినుంచి మళ్లీ కాల్చాలి. ఒక్క రోజు పని! ఓనరు తిడతాడని వాటినే లారీకెక్కించాను. ఛీ, తిట్లకు భయపడ్డ బతుకు.

గుమ్మఘట్ట దగ్గరి పల్లెలో వాటిని బిగించింది మా ఫిట్టర్ మస్తాన్. గాలి రేగిన రోజు, చక్రాన్ని ఆపి కట్టేయాలని పైకెక్కాడు. కడ్డీ విరిగి రెక్క అతని చేతి మీద పడింది.

ఆసుపత్రి మంచం మీదనుంచి అడిగాడు.

"అన్నా, నిజం చెప్పు. కడ్డీలు బాగనే కాల్చినావు గదా?"

"కాల్చినానప్పా. నువ్వే బోల్టులు ఎక్కువ బిగించినట్లుండావు."

కుడి భుజం కట్టు వైపు చూసుకున్నాడు.

"అయ్యుంటాదిలే అన్నా. నాది మొరటు చెయ్యి."

నమ్మాడు! ఎందుకు నమ్మాలి? నా మొహాన ఉమ్మి ఉంటే ఎంత బాగుండేది? ఆ మాట ఓనరు దాకా పోయింది, అదే పట్టుకుని అతన్ని పనిలోంచి తీసేశాడు. చాలా ఏళ్లు ఓనరునే తిట్టుకుంటూ గడిపాను, నన్ను నేను తిట్టుకోవడంకంటే అది తేలిక గనక.

అతను కదిరిలో సైకిల్ షాపు పెట్టాడని తెలిసి, చెప్పేద్దామనే వెళ్లాను. ఎడమ చేత్తో పానా పట్టుకుని, పక్కనున్నతనితో అంటున్నాడు.

"చూసుకోని తిప్పప్పా. నేను ఎక్కువ బిగించే చెయ్యి పోగొట్టుకుంటి."

చెయ్యని తప్పును పాఠంగా చెబుతున్నాడు. నన్ను చూసి సంతోషంగా టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

మస్తాన్ పోయాడని నిరుడు తెలిసింది. క్షమించగలిగినవాడు లేడు, మీరు క్షమించనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం వినండి. అతను బోల్టులు సరిగ్గానే బిగించాడు.

ఇదిగో, అనేశాను.