నా పాదముద్రలు చెల్లలేదు

మారినెట్‌లో దాణా మిల్లు మూతపడే నాటికి దాని ఆఫీసు గదిలో నాకు ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళను బల్ల ముందు కూర్చోబెట్టి, "ఈ దేశంలో పనిచేసే హక్కు మీకుందని చూపించే కాగితాలేవీ?" అని అడగటం నా పని. అమెరికా సర్కారు పెట్టిన ఆ ఫారం పేరు ఐ-నైన్. చేరిన రోజు పోను మూడు పనిదినాల్లో అసలు కాగితాలు చూపించాలి. జిరాక్సు చెల్లదు. పాస్‌పోర్టు ఉంటే అదొక్కటే చాలు. లేదంటే డ్రైవింగ్ లైసెన్సుకు తోడుగా సోషల్ సెక్యూరిటీ కార్డో, సర్కారు ముద్ర ఉన్న జనన పత్రమో కావాలి. ఫలానాదే తెమ్మని మనం చెప్పకూడదు. జాబితా చేతికిచ్చి, "మీకు వీలైనవి తెచ్చుకోండి" అనాలి. నేను ఆ మాట అన్నప్పుడల్లా నా ముఖం చర్చిలో కొవ్వొత్తిలా వెలిగేదని మా ఆయన వెర్లిన్ అంటాడు.

నన్ను మాత్రం ఎవరూ ఏనాడూ అడగలేదు. నేను చేరింది ఎనభై ఐదు జూన్‌లో, హైస్కూలు ముగించి పట్టా టోపీ గాల్లోకి విసిరిన మర్నాడు. ఆ చట్టం వచ్చింది మరుసటేడు. అప్పటికే పనిలో ఉన్నవాళ్ళకు అది వర్తించదన్నారు. అలా నేను పరీక్ష రాయకుండానే పరీక్షాధికారిణినైపోయాను.

మిల్లుతో పాటు ఇన్సూరెన్సూ పోయింది. వెర్లిన్ మోకాలి ఆపరేషన్ వాయిదా పడింది. ఆయన మెట్లు దిగుతుంటే వచ్చే చప్పుడుకి మా కుక్క లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేది. యాభై రెండేళ్ళ దాన్ని ఎవరు తీసుకుంటారు? ఏడు నెలలు తిరిగాక ఊరి చివర చీజ్ ఫ్యాక్టరీలో, పాల ట్యాంకర్లు వచ్చి ఆగేచోట గుమాస్తా పని దొరికింది. ఇన్సూరెన్సుతో సహా. సోమవారం చేరాను. గురువారం సాయంత్రం ఐదింటికి గడువు.

అక్కడ కాగితాలు చూసే అమ్మాయి యెసీనియా బారియెంటోస్. ముప్పై దాటి ఉంటాయి. ఎక్కడో చూసినట్టే ఉంది గానీ పట్టించుకోలేదు. ఆమె జాబితా నా ముందుకు జరిపి, "మీకు వీలైనవి తెచ్చుకోండి మిసెస్ హోఫ్స్" అంది.

"నాకు చెప్తావా తల్లీ! ఈ జాబితా నాకు కంఠతా" అన్నాను.

ఇంటికెళ్ళి చూసుకుంటే లైసెన్సు ఉంది. పాస్‌పోర్టు ఎప్పుడూ తీసుకోలేదు. మారినెట్ వదిలి వెళ్ళాల్సినంత గొప్ప ఊరు మరోటి ఉందని నేను నమ్మలేదు. సోషల్ సెక్యూరిటీ కార్డు తొంభై ఒకటిలో జీన్స్ జేబులో ఉండగానే వాషింగ్ మెషీన్‌లో పడి పిండిముద్దయింది. నంబరు నోటికి వచ్చు కదా అని మళ్ళీ తీసుకోలేదు.

ఇక మిగిలింది హాల్లో గోడమీది పటం. నేను పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పత్రం: పైన పసిపిల్లను మోసుకొచ్చే కొంగ బొమ్మ, పక్కన బంగారు రంగు ముద్ర, మధ్యలో నల్లటి సిరాతో నా రెండు పాదాలు. మా నాన్న దానికి చుట్టూ వెడల్పాటి నీలం అట్ట పెట్టి, ఓక్ చెక్కతో స్వయంగా ఫ్రేము కట్టాడు. నిజం చెప్పాలి. అలాంటి పాదాల పత్రాలు తెచ్చినవాళ్ళను మిల్లులో నేనే ఇద్దర్ని వెనక్కి పంపాను. కానీ అవి వాళ్ళ పాదాలు. ఇవి నావి.

మంగళవారం పొద్దున పటాన్ని తువ్వాలులో చుట్టి, చంకన పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. యెసీనియా తువ్వాలు విప్పి కాసేపు చూసింది.

"చాలా ముద్దుగా ఉన్నాయి."

"ముద్రపడిన కాగితం."

"ఇది ఆసుపత్రివాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చింది మిసెస్ హోఫ్స్. ముద్ర కూడా వాళ్ళదే. సర్కారుది కాదు."

"పాదాలు నావేనమ్మా! కావాలంటే సరిచూసుకో" అంటూ బూటు లేసు మీద చెయ్యి వేశాను.

"వద్దండీ. మీ పాదం అప్పటికంటే కాస్త పెరిగినట్టే ఉంది" అంటూ, జాబితాను మళ్ళీ నావైపు జరిపింది. చిరునవ్వుతోనే. ఆ చిరునవ్వు నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు నేను వాడినదే.

బ్రేక్ రూములో ఒకడు కేకేశాడు: "ఏంటి మార్లిస్, మొదటి వారంలోనే గోడలకి పటాలా? నీ గదేమో నాలుగడుగులు!"

భోజనం వేళకి కోర్టుహౌసుకి పరుగెత్తాను. జనన పత్రాల కిటికీ దగ్గరున్నావిడ నా పేరు, పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి పేరు అడిగి, కంప్యూటర్లో చాలాసేపు వెతికింది.

"మీ పేరు మీద ఏమీ లేదండీ."

"ఇక్కడే పుట్టాను. మారినెట్‌లో."

"ఈ జిల్లాలోనే కాదు, విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తం వెతికాను."

యాభై రెండేళ్ళు ఈ ఊళ్ళో పన్నులు కట్టి, శుక్రవారం శుక్రవారం చేపల వేపుడు తిని, జ్యూరీలో కూర్చుని, చివరికి నేను పుట్టనేలేదని తేలింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

ఇంకో మాట ఒప్పుకోవాలి. మా ఊరికీ అవతలి ఊరికీ మధ్య ఏరు ఒక్కటే అడ్డం. ఇవతల మారినెట్ విస్కాన్సిన్‌ది, అవతల మెనామినీ మిషిగన్‌ది. రెండు హైస్కూళ్ళ ఫుట్‌బాల్ ఆట నాడు మా వైపు నుంచి గొంతు చించుకునేవాళ్ళలో నాదే మొదటి గొంతు. "వాళ్ళకి బంతి ఇస్తే ఉప్పేసి ఉడకబెడతారు", "వంతెన దాటితే గడియారం కూడా నెమ్మదిస్తుంది"లాంటి జోకులు ఊళ్ళో చాలా నా సొంతం. సోమవారం చేరిన గంటకే మెనామినీ నుంచి వచ్చిన ట్యాంకర్ డ్రైవరు కాగితం మీద సంతకం చెయ్యబోతుంటే, "నాయనా, రాయటం వచ్చా, వేలిముద్ర వేస్తావా?" అన్నాను కూడా.

బుధవారం పని అయ్యాక పటం పట్టుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ పేరు ఆర్డిస్, ఎనభై మూడేళ్ళు. వృద్ధుల అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటుంది. వారానికి మూడుసార్లు బింగో, అదే అంకెలు కొట్టే ఆట, ఆడుతుంది.

"అమ్మా, నేనెక్కడ పుట్టాను?"

అమ్మ టీవీ గొంతు తగ్గించింది. ఆ పని ఆమె మా నాన్న అంత్యక్రియల రోజున కూడా చెయ్యలేదు.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే అడుగుతున్నాను!"

"ఆ పటం ఇటివ్వు." అమ్మ వెన్న కత్తితో వెనక మేకులు లేపి, నీలం అట్ట తీసేసింది. అట్ట కింద, కాగితం అడుగున, ఇన్నాళ్ళూ నేను చూడని ఒక వరుస ఉంది. ఆసుపత్రి పేరు. దాని పక్కన: మెనామినీ, మిషిగన్.

పటాన్ని దీపం కిందికి జరిపి మళ్ళీ చదివాను.

"నొప్పులు మొదలయ్యేసరికి నేను ఏరు అవతల చర్చిలో బింగో ఆడుతున్నాను" అంది అమ్మ. "మీ నాన్న పద పద అంటాడు. ఇంకొక్క అంకె పడితే నాదే ఆట. లేచేదేముంది? ఇంతలో మంచు తుఫాను, వంతెన మూసేశారు. నువ్వు అక్కడే పుట్టావ్."

"గెలిచావా?"

"ఎక్కడ గెలిచాను! పక్కనావిడ ఎగరేసుకుపోయింది." యాభై రెండేళ్ళ తర్వాత కూడా అమ్మ ముఖంలో ఆ కసి పోలేదు. "మీ నాన్నకి తల తీసేసినట్టయింది. ఆటల్లో వాళ్ళనంతగా తిట్టే మనిషి కదా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అట్ట కావాలనే వెడల్పుగా కోశాడు."

పుట్టిన ఊరు రాయాల్సిన నా పెళ్ళి లైసెన్సు కాగితాల పనంతా నాన్న తానే చూసుకుంటానని ఎందుకు పట్టుబట్టాడో అప్పుడర్థమైంది. ఆ రోజుల్లో అది ప్రేమనుకున్నాను.

"నాన్న పోయి పదకొండేళ్ళయింది కదమ్మా, అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"నువ్వడగలేదుగా పిల్లా."

ఇంటికెళ్ళి వెర్లిన్‌కి చెప్పాను. ఆయన మోకాలు పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, ఆపలేడు. "ముప్పై ఏళ్ళుగా మిషిగన్ పిల్లతో కాపురం చేస్తున్నానా? మా అమ్మకి తెలిస్తే ఒప్పుకునేదే కాదు!"

గురువారం మధ్యాహ్నం రెండు గంటలు సెలవు అడిగి వంతెన దాటాను. గడియారం ఏమీ నెమ్మదించలేదు. అవతలి జనన పత్రాల ఆఫీసులో గుమాస్తా రెండు నిమిషాల్లో నా పేరు పట్టుకుంది. "ఇదిగో ఉన్నారు! అరే, మన ఊరి పిల్లే! ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?"

"ఏరు అవతల" అన్నాను, బల్ల అంచు చూస్తూ.

"అయ్యో పాపం" అంది ఆవిడ, మనస్ఫూర్తిగా. నాకు తెలిసిన జోకులన్నీ ఏటికి ఆ ఒడ్డున కూడా ఉన్నాయన్నమాట, తలకిందులుగా.

నాలుగున్నరకి యెసీనియా బల్ల ముందు కూర్చున్నాను. ఆమె లైసెన్సు చూసింది, పత్రం మీది ఉబ్బెత్తు ముద్రను వేలితో తడిమింది. మిల్లులో నేను చేసినట్టే. పుట్టిన ఊరు దగ్గర ఆమె కళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మొన్న డ్రైవరుతో నేనన్న మాట ఈ గదిదాకా వినబడే ఉంటుంది.

"ఈ ఫైలు తాళం వేసి ఉంచుతాం మిసెస్ హోఫ్స్" అంది. ఫారం కింద సంతకం చేసింది.

వెర్లిన్ మోకాలు బతికింది అనుకుని లేచాను. అప్పుడు తట్టింది నాకు, ఆ వేలితో తడమటం ఆమె ఎవరి దగ్గర చూసిందో.

"నువ్వు... ఎండాకాలం మా మిల్లులో పనికి వచ్చావు కదూ? బస్తాల గదికి?"

"పద్దెనిమిదేళ్ళప్పుడు. కార్డు జిరాక్సు తెచ్చాను. మీరు అసలుది తెమ్మన్నారు. మా ఇల్లు పన్నెండు మైళ్ళు. సైకిల్ మీద వెళ్ళి తెచ్చాను."

నేను మళ్ళీ కూర్చున్నాను. "నన్ను బాగా తిట్టుకుని ఉంటావు."

"దారంతా. స్పానిష్‌లో" అంది నవ్వుతూ. "కానీ తిరిగొచ్చేసరికి మీరు నాకోసం చల్లటి నిమ్మరసం ఉంచారు. అది కూడా గుర్తుంది."

నాకైతే గుర్తు లేదు. గుర్తున్నట్టే తలూపాను. ఆ వారమంతటికీ నేను పెట్టిన దొంగ సంతకం అదొక్కటే.

మర్నాడు పొద్దున మెనామినీ ట్యాంకర్ డ్రైవరు వచ్చాడు. నన్ను చూడగానే బొటనవేలు ముందుకు చాచి, "ఇంకు డబ్బా తెచ్చారా?" అన్నాడు. వెనకున్న మా వాళ్ళు నా జవాబు కోసం ఎదురుచూశారు.

"కలమే తీసుకో నాయనా" అన్నాను. "మీ ఊళ్ళో కాగితాలు చాలా జాగ్రత్తగా దాస్తారు."