ఓనరు టేకు తలుపు

హూడిలో మా ఇంటి ఓనరుకు మేమే మొదటి అద్దెవాళ్లం. కింది వాటా నుంచి వచ్చినప్పుడల్లా మా కొత్త టేకు తలుపును భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు. "దీనికి మేకులు గీకులు కొట్టొద్దమ్మా" అనేవాడు. పండక్కి తోరణం కూడా కట్టనివ్వలేదు.

ఒక ఆదివారం నా భర్త నా జుట్టు పట్టుకుని తలను ఆ తలుపుకేసి బాదాడు. చప్పుడు విని ఓనరు పైకొచ్చాడు.

"మేకు కొడతా ఉండారా అప్పా?" బయటి నుంచి అడిగాడు.

"మా సంసారం. మీరు పోండి" అంటూ నా భర్త మళ్లీ బాదాడు. నేను కేక పెట్టాను.

మెట్ల మీద పరుగు వినిపించింది. కిందికి, మళ్లీ పైకి.

"తలుపు కాడ్నుంచి జరుగు తల్లీ."

జుట్టు విడిపించుకుని పక్కకు దొర్లాను. గడ్డపార టేకును చీల్చుకుంటూ లోపలికొచ్చింది. రెండో దెబ్బకు తలుపు విరిగింది. మూడోది నా భర్త మోకాలికి తగిలింది.

ఓనరు విరిగిన చెక్కల మధ్యే కూర్చుని, తువ్వాలుతో నా నుదురు అదిమిపట్టాడు. తలుపు వంక ఒక్కసారి కూడా చూడలేదు.