పెళ్ళినాటి వెలుగు

తాక్ మ్యోంగ్‌హీ కొండ కింది నక్షత్రశాలలో, వచ్చినవాళ్ళకు చుక్కల గురించి చెప్పే ఉద్యోగి. ఊళ్ళో ఆమెకు పేరొచ్చింది ఒక బల్ల వల్ల. బల్ల పైభాగమంతా తెర. దానిమీద ఒక ఏడాదిని వేలితో తాకితే, ఆ ఏడాది బయల్దేరి ఇప్పుడే మనల్ని చేరుతున్న వెలుగు ఏ నక్షత్రానిదో కనిపిస్తుంది. ఆలోచన మ్యోంగ్‌హీది; బల్ల పక్కన గోడమీద ఆమె పేరే రాశారు. ప్రోగ్రాం రాసింది ప్యో సుంగ్‌జో. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనికి పని నేర్పింది ఆమే. కిమ్చీ పచ్చడి పెట్టే రోజుల్లో ఆమె పుట్టింటికొచ్చి క్యాబేజీలు కడిగేంత చనువు అతనికి.

నూడుల్స్ కొట్టు నడిపే కూ అవ్వ, కొట్టుకు సెలవైనప్పుడల్లా వచ్చి తన పెళ్ళయిన ఏడాదిని తాకేది. ఎర్రటి మసక చుక్క వచ్చేది.

"పోయిన మా ఆయన మొహం లాగే ఉంది, కళే లేదు," అని నవ్వుతూ దాన్నే చూస్తూ కూర్చునేది.

వేసవిలో బల్లకు కొత్త హంగులు చేసి తెరిచారు. ఒక మధ్యాహ్నం అవ్వ తన ఆడపడుచును వెంటబెట్టుకొచ్చింది. కాసేపటికి మ్యోంగ్‌హీని కేకేసింది.

"నా పెళ్ళినాటి వెలుగూ, మా ఆడపడుచు పుట్టిననాటి వెలుగూ ఒకే చుక్క నుంచి వస్తాయటే? మా ఆయన్ని ఏం చేశావు?"

తెరమీద నీలంగా మెరిసిపోతున్న నక్షత్రం. మ్యోంగ్‌హీ తాను పుట్టిన ఏడాదిని తాకింది. మళ్ళీ అదే. నేరుగా సుంగ్‌జో గదికి వెళ్ళి అతన్ని నిలదీసింది.

"మసక చుక్క పక్కన ఎవరు ఫోటో దిగుతారక్కా? ఏ ఏడాది తాకినా వాటిలోదే వచ్చేలా అందమైనవి నాలుగు పెట్టాను. డైరెక్టర్ గారే పెట్టమన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకోవుగా."

"అందుకని నా నోటితోనే అందరికీ అబద్ధం చెప్పించావా?"

"అందరూ సంతోషంగానే వెళ్తున్నారు కదక్కా!"

గదిలో మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. అందరికీ తెలుసు, తనకు తప్ప.

తిరిగొచ్చి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పింది. "నాకు తెలీదవ్వా," అంది.

"గోడమీద నీ పేరే ఉంది కదమ్మా," అని అవ్వ లేచి వెళ్ళిపోయింది.

పాతది తిరిగి పెట్టడానికి డైరెక్టర్ ఒప్పుకోలేదు. మ్యోంగ్‌హీ ఉద్యోగం మానేసింది. నక్షత్రాల దూరాల కొలతలు ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. ఆమె వాటిని తన ట్యాబ్‌లో ఎక్కించుకుని, తంటాలు పడి, బల్ల చేసే పనిని దానిచేత చేయించింది. తీసుకెళ్ళి కొట్లో అవ్వ ముందు పెట్టింది. అవ్వ చేతి పిండి దులుపుకుని పెళ్ళి ఏడాదిని తాకింది. ఎర్రటి మసక చుక్క వచ్చింది.

"ఇది నిజమేనా?"

"నిజమే అవ్వా."

 అవ్వ తన ఆడపడుచు పుట్టిన ఏడాదిని కూడా తాకి చూసింది. వేరే చుక్కే వచ్చింది. అవ్వ తప్పేం లేదని తెలిసినా, తన మాట ఒక్కటే చాలలేదని మ్యోంగ్‌హీకి కోపం ఆగలేదు.