ఏ సెక్షన్ కింద గాలి తీశావు?

నాకు ముక్కు మీద కోపం. పెళ్లయిన వారానికే మా ఆవిడ కనిపెట్టి చెప్పిన సంగతి ఇది. ఆ కోపంలో చేసిన పనుల్లో ఇప్పటికీ సిగ్గేసేవి కొన్ని ఉన్నాయి. సైకిల్ గాలి వ్యవహారం కూడా వాటిలోదే గానీ, దాన్ని తలుచుకుంటే సిగ్గు కంటే ముందు నవ్వొస్తుంది.

తొంభైల చివరి సంగతి. నేనూ, మా ఆవిడా, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయీ హఫీజ్‌పేట్‌లో రెండు గదుల వాటా కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తాను నేను. బాలానగర్‌లో ఉన్న మా ఆఫీసును ఆ ఏడే మాదాపూర్ వైపు మార్చారు. అక్కడ అప్పుడే గుండ్రటి గాజు మేడ ఒకటి లేస్తోంది. దేశమంతా వచ్చి అందులో కంప్యూటర్ల ముందు కూర్చుంటుందని పేపర్లలో రాసేవారు. మాకు మాత్రం దాని పుణ్యమా అని దక్కింది దుమ్మూ, కంకర టిప్పర్లూ. ఆ డ్రైవర్లకు బ్రేకు మీద కంటే హారన్ మీద నమ్మకం ఎక్కువ.

ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. నేనే కాదు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కొత్త ఆఫీసుల్లో తోటపనికి పోయేవాళ్లు, అందరిదీ సైకిలే. మా కాలనీ రోడ్డు పెద్ద రోడ్డులో కలిసేచోట ఇదివరకు అడ్డంగా దాటి కుడివైపు పోయేవాళ్లం. రోడ్డు వెడల్పు చేసి నడుమ డివైడర్ కట్టాక అది కుదరలేదు. ముందు ఎడమకు తిరిగి, మనం వెళ్లాల్సిన దానికి ఎదురు దిక్కున అర కిలోమీటరు తొక్కాలి. అక్కడ డివైడర్‌కి వదిలిన సందులో మళ్లి, ఆ అర కిలోమీటరూ తిరిగి రావాలి. కాళ్లతో తొక్కేవాడు ఆ పని ఎందుకు చేస్తాడు? అందరం కుడికే తిరిగి, ఎదురుగా మీదికొచ్చే బళ్లను తప్పించుకుంటూ రోడ్డంచున వెళ్లిపోయేవాళ్లం. అది రాంగ్ సైడ్ అని తెలియక కాదు.

ఆ మలుపులో ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని వేశారు. నలభై ఏళ్లుంటాయి, ఈ పక్క ఊళ్లవాడే. గట్టిగా అరవడు, తిట్టడు, లాఠీ ఎత్తడు. కుడికి తిరిగిన సైకిల్‌ని హ్యాండిల్ పట్టుకుని ఆపేవాడు. కూర్చుని ట్యూబు మూతి దగ్గరి చిన్న నట్టు తిప్పి, పిన్ను లాగేసేవాడు. చక్రంలో గాలంతా బుస్సున పోయేది. ఆ పిన్ను మన చేతిలోనే పెట్టి, "ఇగ నడుసుకుంట పోండ్రి" అనేవాడు. అంతే. ఆ తర్వాత గాలి పంపు దొరికేదాకా సైకిల్ని నెట్టుకుంటూ పోవడమే.

నాకు తీసిన రోజు మా సూపరింటెండెంటు స్కూటర్ మీద అటే వెళ్తున్నాడు. చూసి నవ్వాడు కూడా. తల కొట్టేసినట్టయింది నాకు.

"ఏమయ్యా, ఏ సెక్షన్ కింద గాలి తీశావు?" అన్నాను.

"సెక్షన్ గిక్షన్ నాకు తెల్వదు సార్. రాంగ్ సైడ్ వచ్చిన్రు, గాలి తీసిన."

"నేను గవర్నమెంటు ఉద్యోగిని, తెలుసా?"

"నేను గూడ గదే సార్" అన్నాడు. పక్కన పిన్ను చేత్తో పట్టుకుని నిలబడ్డ మేస్త్రీలిద్దరూ పకపకా నవ్వారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసులో డ్రాఫ్టు రాయాలంటే నా తర్వాతే ఎవరైనా. మధ్యాహ్నం అన్నం మానేసి మరీ, ట్రాఫిక్ పోలీసు పై అధికారులకు ఫిర్యాదు రాశాను. "సదరు కానిస్టేబుల్ ఏ చట్టములోని ఏ సెక్షన్ ననుసరించి పౌరుల సైకిళ్లలోని గాలిని తొలగించుచున్నారో తెలియజేయ ప్రార్థన" అని ఓ ముక్క వేశాను. ఆ ముక్క నాకే ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చి మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. "బాగుందండి. మీరు రాంగ్ సైడ్ వెళ్లారన్న సంగతి ఎక్కడ రాశారు?" అంది. నీకివన్నీ తెలియవులే అన్నాను.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. సైకిళ్లకు గాలి తీయరాదని సంబంధిత సిబ్బందికి మెమో ఇవ్వడమైనది, అని. ఆఫీసులో ఆ కాయితం చేతులు మారింది. మర్నాడు మలుపులో కానిస్టేబుల్ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నేను కావాలనే బెల్లు కొట్టి, అతని ముందు నుంచే కుడికి తిరిగాను. ఆ చేతులు ముందుకు రాలేదు. వెనకాల వస్తున్న మేస్త్రీ ఒకాయన, "మంచి పని చేసిన్రు సార్!" అని దండం పెట్టాడు. పొంగిపోయాను, దాచడమెందుకు. అతని గాలి తీసేశానని నాలో నేనే అనుకుని మురిసిపోయాను.

ఇక చూడాలి ఆ రోడ్డును! ఇంతకుముందు దొంగచాటుగా అంచున పోయేవాళ్లు ఇప్పుడు దర్జాగా ఇద్దరేసి, ముగ్గురేసి మాట్లాడుకుంటూ పోవడం మొదలెట్టారు. పాలక్యాన్ల సైకిళ్లు, గడ్డిమోపుల సైకిళ్లు, వెదురు నిచ్చెన భుజాన పెట్టుకున్న సున్నాలవాళ్లు, అంతా ఎదురే. టిప్పర్లు హారన్ కొడుతూ వచ్చేవి. వీళ్లు విసుక్కుంటూ జరిగేవాళ్లు.

మా అమ్మాయి కాలేజీ కూడా అటువైపే. కొత్త ఏడాది మొదట్లో దానికి లేడీస్ సైకిల్ కొన్నాం. ఓ రోజు నేను కాస్త ఆలస్యంగా బయల్దేరి మలుపు తిరిగేసరికి ముందు మూడు జడలు కనిపించాయి. ముగ్గురు ఆడపిల్లలు పక్కపక్కనే తొక్కుతున్నారు, రాంగ్ సైడ్‌లో. రోడ్డు నడుమ వైపున్నది మా అమ్మాయి. పక్క స్నేహితురాలు ఏదో అంటే తల తిప్పి నవ్వుతోంది. ఎదురుగా కంకర టిప్పరు.

కేక పెట్టేలోపే టిప్పరు పెద్దగా హారన్ కొట్టి పక్కనుంచి పోయింది. దాని గాలికి మా అమ్మాయి చున్నీ లేచి మొహాన పడింది. సైకిల్ వంకర్లు పోయి, మళ్లీ నిలదొక్కుకుంది. అది మళ్లీ నవ్వుతూనే వెళ్లిపోయింది. నేను సైకిల్ దిగి మట్టిలో కూర్చుండిపోయాను.

సాయంత్రం ఇంట్లో గట్టిగానే కేకలేశాను. అది అన్నం కలుపుకుంటూ తాపీగా అంది: "మీరూ అటే వెళ్తారుగా నాన్నా. ఎవరూ ఆపకూడదని కాయితం పెట్టింది మీరేగా. మా క్లాసులో అందరికీ చెప్పాను, మా నాన్నేనని."

మా ఆవిడ నా కంచంలో పప్పు వేసింది. ఏదో ఒకటి అంటే బాగుండేది.

రెండు రోజులు బతిమాలాను, బెదిరించాను. అది ఊఁ అనేది, మర్నాడు అటే పోయేది. మూడో రోజు పొద్దున్నే కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లాను. వెళ్లడానికి నాకెంత కష్టమయిందో ఆ దేవుడికే తెలియాలి.

"మా అమ్మాయి వస్తుంది. నీలం లేడీస్ సైకిల్. కాస్త గాలి తీయవయ్యా" అన్నాను.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నాకాడ మెమో ఉన్నది సార్. జేబుల్నే పెట్టుకున్న, చూపియ్యాల్నా?"

"కోపంలో రాశాను. తప్పయింది."

"తప్పు నాది గూడ ఉన్నది సార్. గాలి తీసుడు ఏ రూల్ల లేదు, గది నాకు ముందుగాలనే ఎరికె. గని సైకిల్‌కు నంబర్ లేదు, మీకు లైసెన్స్ లేదు, చలాన్ ఎవలికి రాయాలె? ఇంతకు ముందల ఉన్న రోడ్డు మీద ఒకాయనను లారీ కిందికెల్లి నేనే బయిటికి తీసిన. రాంగ్ సైడ్ల సైకిల్ మీద పోయెటోడే. గప్పటిసంది గాలి తీసుడు షురు జేసిన." మెమో ఉన్న జేబు తట్టి, "ఇగ నేను తియ్య. మీ బిడ్డ సైకిల్, మీరే తీసుకోండ్రి" అన్నాడు.

సరే అన్నాను. ఆఫీసుకు ఆలస్యమైతే అయిందని ఆ మలుపులోనే నిలబడ్డాను. తొమ్మిదింటికి మూడు సైకిళ్లూ వచ్చాయి. కుడికి తిరగబోతుండగా మా అమ్మాయి హ్యాండిల్ పట్టుకుని దిగమన్నాను. చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను గానీ, ఆ నట్టు ఎటు తిప్పాలో తెలిస్తే కదా! వేళ్లకు నల్లటి జిడ్డు అంటింది, నట్టు కదల్లేదు. పోయే సైకిళ్లు ఆగాయి. మెమో తెప్పించిన సారే గాలి తీస్తున్నాడని గుసగుసలు. కానిస్టేబుల్ చూసి చూసి ఉండబట్టలేక, "ఎడమకు తిప్పుండ్రి సార్, ఎడమకు!" అని అరిచాడు.

బుస్సుమంది. వెనక చక్రానిదీ తీశాను. పిన్నులు రెండూ దాని చేతిలో పెట్టాను.

"ఏ సెక్షన్ కింద నాన్నా?" అంది మా అమ్మాయి. కళ్లనిండా నీళ్లు. అందరి ముందూ దాని పరువు తీశాను మరి. స్నేహితురాళ్లు నెమ్మదిగా సైకిళ్లు ఎడమకు తిప్పుకుని జారుకున్నారు.

"సెక్షన్ ఏమీ లేదమ్మా. మొన్న ఆ టిప్పరు నిన్ను రాసుకుపోవడం నేను చూశాను. నాకు భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది."

ఇంట్లోవాళ్ల ముందు నేను భయమనే మాట అన్నది అదే మొదలు. అది నా మొహంలోకి చూసి, చున్నీతో కళ్లు తుడుచుకుంది. నా సైకిల్ కూడా నడిపించుకుంటూ దానితోపాటు ఎడమవైపు బయల్దేరాను.

సగం దూరం వెళ్లాక అది అంది: "అటు తిరిగి వెళ్లాలని మాకు మాత్రం ఉండదా నాన్నా? మొదటి వారం అలాగే వెళ్లాం. ఆ సందు దగ్గర ఒక్క బండీ ఆగదు. పది నిమిషాలు నిలబడ్డా దాటలేం. ఓసారి నడిమధ్యలో ఇరుక్కుపోయి ముందొకటి, వెనకొకటి టిప్పర్లు. ఏడ్చేశాం. అందుకే ఇటు రావడం మొదలెట్టాం."

నేను నమ్మలేదు, అక్కడికి వెళ్లేదాకా. డివైడర్ కట్టి ఏడాదయినా ఆ సందు దగ్గర నేను నిలబడటం అదే మొదటిసారి. నా జీవితంలో అంత పొడుగు పది నిమిషాలు లేవు. చెయ్యి ఎత్తాను, చెయ్యి ఊపాను, చివరికి దండం కూడా పెట్టాను. ఒక్కడూ ఆగలేదు. ఎలాగో పరుగెత్తి దాటాం. ఈ రెండ్రోజులూ ఈ పిల్లకు రూల్సు చెబుతూ వచ్చాను గానీ, రూలు ప్రకారం వెళ్తే ఏమవుతుందో ఒక్కసారి వచ్చి చూడలేదు. నామీద నాకే అసహ్యమేసింది. అవతల పంపు ఉన్న దుకాణంలో రెండు చక్రాలకూ నేనే గాలి కొట్టి పంపించాను.

సాయంత్రం కానిస్టేబుల్‌కు ఇదంతా చెప్పాను. మలుపులో గాలి తీసే పని ఎలాగూ లేదు గనక, పొద్దున పూట నిన్ను ఆ సందు దగ్గర వేయమని పై వాళ్లకు రాస్తానన్నాను.

"మీ కాయిదాలకో దండం సార్!" అని నిజంగానే రెండు చేతులూ జోడించాడు. "మీరు జర పరేషాన్ గాకుండ్రి. నేను చూసుకుంట."

మర్నాడు నేనూ మా అమ్మాయీ కలిసే బయల్దేరాం. మలుపులో అతను లేడు. మేం ఎడమకు తిరిగాం. స్నేహితురాళ్లిద్దరూ వెనకే వచ్చారు. వాళ్ల వెనకాల ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు కూడా ఎందుకో అటే తిరిగారు. మిగతావాళ్లు మామూలుగా కుడికే పోయారు.

అర కిలోమీటరు తొక్కేసరికి సందు దగ్గర తెల్ల చొక్కా కనిపించింది. మమ్మల్ని చూసి అతను రోడ్డు నడుమకు నడిచాడు. దూరంగా టిప్పరు హారన్ కొడుతూ వస్తోంది. కదల్లేదు, అరచెయ్యి చాచి దానికి ఎదురుగా నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి, దుమ్ము లేచింది. టిప్పరు ఆగింది. దాని వెనక కారు ఆగింది, బస్సు ఆగింది.

"దాటుండ్రి బిడ్డా, దాటుండ్రి. తొందర లేదు" అన్నాడు అతను, చెయ్యి దించకుండానే.

అంత రోడ్డూ ఆగి ఉంటే, మా ఆరేడు సైకిళ్లు నెమ్మదిగా మళ్లాయి. మా అమ్మాయి అతని పక్కనుంచి పోతూ, "థాంక్సండీ" అంది. నేనూ ఏదో అనాలనుకున్నాను. సైకిల్ దిగి అతనికి నమస్కారం పెట్టబోతే, "ముందల నువ్వు పో సార్, బండ్లాగినయ్!" అని కసిరాడు.