సరళ మూయించిన మార్కుల పుస్తకం

పక్క ఫ్లాట్‌లో ఫోను టింగుమంది. వెంటనే ఓ పిల్ల కిలకిలా నవ్వింది. ఏదో లెక్కల ఆట. బీరకాయ చెక్కు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. విజయవాడలో ఈ మూడో అంతస్తుకు వచ్చి నాలుగేళ్ల రెండు నెలలైంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సరళ గుర్తొస్తుంది.

ఉయ్యూరు దాటాక ఓ పల్లెలో మా బడి. నేను ప్రధానోపాధ్యాయురాలిని, లెక్కలూ నేనే చెప్పేదాన్ని. నా రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుండగా సరళ కొత్త టీచరుగా వచ్చింది. వయసు ఇరవై ఆరు. కొండపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చినా ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. మొదట అందుకే నచ్చింది. తన సొంత ట్యాబ్‌లో ఎక్కాల ఆట పెట్టి పిల్లలకిచ్చేది. జవాబు సరైతే కప్ప ఒక తామరాకు మీంచి ఇంకో ఆకు మీదికి దూకుతుంది. తప్పయితే బుడుంగున మునుగుతుంది. కప్పను ముంచడానికే కొందరు కావాలని తప్పు నొక్కేవారు.

"ఇదేం చదువమ్మా?" అన్నాను.

"తప్పు నొక్కాలన్నా ముందు ఒప్పు తెలియాలి కదండీ," అంది.

ఆట మంచిదేనని ఒప్పుకుని, నాకు తెలిసిన పని చేశాను: ఎవరి కప్ప ఎన్నిసార్లు మునిగిందో మార్కుల పుస్తకంలో రాసి, సోమవారం ప్రార్థనలో అందరి ముందూ చదివాను. నాలుగో తరగతి నాగమణిది పందొమ్మిదిసార్లు. బడంతా నవ్వింది. మంగళవారం ఆ పిల్ల ట్యాబ్ ముట్టలేదు. గురువారం నుంచి బడికే రాలేదు. వాళ్లమ్మ ఇంట్లో నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టిందనీ, ఇక పంపదనీ కబురొచ్చింది.

"ఆటకి మార్కులుండవని నేను ముందే చెప్పాల్సిందండీ. ఆ పుస్తకం మూసెయ్యండి," అంది సరళ. తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఆ పిల్ల మానేసిన పదకొండో రోజు ఆదివారం. సెలవైనా తను వచ్చింది. ఇద్దరం నేతగాళ్ల వీధికి వెళ్లాం. రాట్నం ముందు కూర్చున్న నాగమణి తలెత్తలేదు.

"దీనికి లెక్కలు రావంట కదండీ. బడి మొత్తానికీ చెప్పారంటగా. ఇంకెందుకు పంపడం?" అంది వాళ్లమ్మ.

నేను సర్దిచెప్పబోతుంటే సరళ ట్యాబ్ తీసి నా చేతిలో పెట్టింది. "మేడం గారు ఒక్కసారి కూడా ఆడలేదే నాగమణీ. కాస్త చూడు."

ముప్ఫై ఏడేళ్లు ఎక్కాలు చెప్పినదాన్ని. తెర మీద గడియారం తిరుగుతోంది, ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఏడెనిమిదులు యాభై ఆరని నోటికి తెలుసు. వేలు యాభై నాలుగు మీద పడింది. బుడుంగ్. మళ్లీ బుడుంగ్. చెవులు వేడెక్కాయి. ప్రార్థనలో ఆ పిల్లకు ఎలా అనిపించిందో అప్పుడు తెలిసింది.

నాగమణి రాట్నం వదిలి పక్కకు జరిగింది. "కంగారు పడకండి మేడం. గడియారం వంక చూడకూడదు. పోగులు లెక్కెట్టినట్టు నిదానంగా..." అంటూ నా వేలు పట్టుకుని నొక్కించింది. కప్ప దూకింది.

"మేడం గారికే రాట్లేదా!" వాళ్లమ్మ పక్కున నవ్వింది.

"రావట్లేదమ్మా. నీ కూతురే నేర్పాలి, రేపు పంపు," అన్నాను. అందరి ముందూ చదివినందుకు నాగమణిని క్షమించమని కూడా అడిగాను. మర్నాడు ప్రార్థనలో, నా కప్ప ఎనిమిదిసార్లు మునిగిందని చెప్పి పుస్తకం మూశాను. రెండో వరుసలోంచి నాగమణి అందరికంటే గట్టిగా నవ్వింది.

సరళ నాకన్నా ముప్ఫై నాలుగేళ్లు చిన్నది. నాకు ఒక్క నీతీ చెప్పలేదు. ఇప్పుడు సాయంత్రాలు మా అపార్టుమెంటు పిల్లలు తొమ్మిది మంది లెక్కలకు వస్తారు. ఎవరైనా తప్పు చెబితే, సరైన జవాబును నాలుక మీదే ఆపుకుని, "ఎలా చేశావో చెప్పు" అంటాను. చెప్పేదాకా ఆగుతాను. ఒక్కోసారి నాలుగు నిమిషాలు పడుతుంది. ఎంతసేపైందో చూసుకోవడం మానలేకపోయాను; చూసింది మాత్రం ఎక్కడా రాయను.